గీతలు నిండుగా ఉన్నా నెట్ ఎందుకు రాదు: మీ ఇంటి సిగ్నల్‌ని అంకెల్లో చదవడం ఎలా

పోయిన సంక్రాంతికి అమలాపురం పక్కన మా పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లాను. గుమ్మంలో అడుగు పెట్టానో లేదో ఫోను చేతిలో పెట్టింది. "ఒరేయ్, టవర్ల ఉద్యోగమే కదా నీది, దీని సంగతేదో చూడు. గీతలు నాలుక్కి నాలుగూ ఉంటాయి. అబ్బాయికి వీడియో కాల్ చేస్తే మొహం పలకలు పలకలుగా వస్తుంది."

నేను చేసేది డ్రైవ్ టెస్ట్. కారులో లాప్‌టాప్, నాలుగైదు ఫోన్లు పెట్టుకుని ఊళ్లన్నీ తిరుగుతూ టవర్ల పనితీరు కొలిచే పని. పెద్దమ్మ అన్న మాట ప్రతి ఊళ్లోనూ వింటాను. అందరికీ ముందు చెప్పేది ఒకటే: గీతల్ని నమ్మకండి. ఎంత సిగ్నల్‌కి ఎన్ని గీతలు చూపించాలో ఏ ప్రమాణమూ చెప్పలేదు, ఫోన్ తయారుచేసేవాడి ఇష్టం. ఒకే కంపెనీ సిమ్ ఉన్న రెండు ఫోన్లు పక్కపక్కన పెడితే ఒకదాంట్లో రెండు, ఇంకోదాంట్లో నాలుగు కనిపించడం నాకు రోజూ ఉండేదే. అసలు సంగతి లోపలి అంకెల్లో ఉంటుంది. అవి చూడటానికి మీకు నా లాప్‌టాప్ అక్కర్లేదు.

మెట్టు 1: ఫోన్ ఏ తరం రేడియోలో ఉందో చూడండి

పైన మూలన కనిపించే ఈ (2జీ), హెచ్ (3జీ), 4జీ, 5జీ గుర్తులు ఫోనూ టవరూ ఏ భాషలో మాట్లాడుకుంటున్నాయో చెబుతాయి. ఈ భాషలన్నిటినీ ఇప్పుడు రాసేది 1998లో ఏర్పడిన 3జీపీపీ అనే కూటమి. మన దేశం తరఫున అందులో టీఎస్‌డీఎస్‌ఐ అనే సంస్థ ఉంది.

తరానికీ తరానికీ మధ్య అసలు తేడా దారి వెడల్పులో ఉంది. 2జీ ఒక్కో క్యారియర్‌కి, అంటే టవర్ వాడే ఒక్కో రేడియో దారికి, 200 కిలోహెర్ట్జ్ తీసుకుని, దాన్ని కాలంలో ఎనిమిది వంతులు చేసి పంచుతుంది. 3జీకి 5 మెగాహెర్ట్జ్. అందులో అందరూ ఒకేసారి మాట్లాడతారు, ఎవరి కోడ్ వాళ్లది. 4జీ, అంటే ఎల్‌టీఈ, 20 మెగాహెర్ట్జ్ వరకు తీసుకుని దాన్ని 15 కిలోహెర్ట్జ్ సన్నని పాయలుగా చీలుస్తుంది. ఎవరికి ఏ పాయలు ఇవ్వాలో టవర్ మిల్లీసెకనుకొకసారి తేలుస్తుంది. 5జీలో 3500 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల ఒక్క క్యారియరే 100 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది. వేగం ఎక్కువ రావడానికి పెద్ద కారణం ఈ వెడల్పే, మిగతావి దాని తర్వాతే.

5జీ గుర్తు విషయంలో ఒక మెలిక ఉంది. 2022 అక్టోబరు 1న మన దేశంలో 5జీ మొదలైనప్పుడు జియో విడిగా నిలబడే పద్ధతి, అంటే ఎస్‌ఏ, ఎంచుకుంది. ఎయిర్‌టెల్ 4జీ భుజం మీద చెయ్యేసి నడిచే ఎన్‌ఎస్‌ఏ పద్ధతి ఎంచుకుంది. ఎన్‌ఎస్‌ఏలో ఫోన్ ముందు 4జీ టవర్‌కే కట్టుబడి ఉంటుంది, డేటా అవసరం పడినప్పుడే 5జీ వచ్చి తోడవుతుంది. "ఇక్కడ 5జీ ఉండొచ్చు" అని 4జీ సెల్ (టవర్ మీద ఒక వైపుకి, ఒక బ్యాండ్ మీద పనిచేసే భాగం) ప్రకటిస్తే చాలు, చాలా ఫోన్లు 5జీ గుర్తు వెలిగించేస్తాయి. నిజానికి ఆ క్షణంలో మీరు 4జీ మీదే ఉండొచ్చు. అందుకే ఈ మెట్టు దగ్గర ఆగకూడదు.

మెట్టు 2: అంకెలు బయటికి తీయండి

ఆండ్రాయిడ్‌లో డయలర్ తెరిచి *#*#4636#*#* కొట్టండి. వచ్చే మెనూలో ఫోన్ సమాచారం అనే పేజీ ఉంటుంది. కొన్ని కంపెనీలు దీన్ని మూసేస్తాయి. శామ్‌సంగ్ ఫోన్లు చాలావాటిలో *#0011# పనిచేస్తుంది. ఐఫోన్‌లో *3001#12345#* కొట్టి కాల్ బటన్ నొక్కితే ఫీల్డ్ టెస్ట్ పేజీ వస్తుంది. ఇవేవీ కుదరకపోతే ప్లే స్టోర్‌లో నెట్‌మాన్‌స్టర్ అనే ఉచిత యాప్ ఉంది, ఇంటి అవసరానికి సరిపోతుంది. లొకేషన్ అనుమతి అడుగుతుంది. సెల్ వివరాలు చూపాలంటే ఆండ్రాయిడ్‌లో అది తప్పదు.

మీకు కావలసినవి నాలుగు: ఆర్‌ఎస్‌ఆర్‌పీ, ఆర్‌ఎస్‌ఆర్‌క్యూ, ఎస్‌ఐఎన్‌ఆర్, ఏ బ్యాండ్ (ఏ ఫ్రీక్వెన్సీల గుంపు). కొన్ని ఫోన్లలో ఎస్‌ఐఎన్‌ఆర్‌ని ఎస్‌ఎన్‌ఆర్ అని రాస్తారు. అక్కడ 2147483647 అని పెద్ద అంకె కనిపిస్తే కంగారు పడకండి, "చెప్పలేను" అనడం ఆ ఫోన్ భాషలో అలా ఉంటుంది. పాత ఫోన్లలో 140 అని చూపితే పదితో భాగించి 14 అనుకోండి.

ఇంకోటి, కొలిచేముందు వైఫై ఆపేయండి. వైఫైలో స్పీడ్ టెస్ట్ పెట్టి టవర్‌ని తిట్టినవాళ్లని చాలామందిని చూశాను.

మెట్టు 3: ఆర్‌ఎస్‌ఆర్‌పీ, అంటే టవర్ గొంతు మీ దాకా ఎంత వస్తోంది

ఇది డెసిబెల్ లెక్కలో (డీబీఎం) మైనస్‌లో ఉంటుంది, సున్నాకి దగ్గరయ్యే కొద్దీ బలం ఎక్కువ. ఎల్‌టీఈలో −44 నుంచి −140 దాకా చూపిస్తుంది. నా లెక్కలో −85 కన్నా మెరుగైతే దర్జాగా ఉన్నట్టు. −95 వరకు నిశ్చింత. −105 దాటితే ఇంట్లో ఓ గదిలో వచ్చి ఓ గదిలో రాదు. −115 దాటాక కాల్ నిలబడితే అదృష్టం.

ఈ అంకెల్ని మామూలు లెక్కలా చూడకూడదు. 10 డెసిబెల్స్ తేడా అంటే పదిరెట్లు, 3 అంటే సుమారు రెండింతలు. అరుగు మీద −90, పడగ్గదిలో −110 ఉంటే గోడలు దాటేసరికి సిగ్నల్ నూరో వంతు అయిందన్నమాట. ఆర్‌సీసీ స్లాబు, రేకుల కప్పు, అన్నిటికన్నా లోహపు పూత ఉన్న అద్దాలు మింగేస్తాయి. గచ్చిబౌలి వైపు అద్దాల భవనాల్లో కిటికీ పక్కనే కూర్చున్నా టవర్ అందకపోవడానికి ఆ పూతే కారణం. ఏసీ చల్లదనాన్ని కాపాడే అద్దం రేడియోని కూడా బయటే నిలబెడుతుంది.

గొంతు రెండువైపులా ఉండాలి. టవర్ ఒక్కో క్యారియర్ మీద 40 వాట్ల దాకా పంపగలదు, మీ ఫోన్ మామూలుగా 0.2 వాట్లు దాటదు. అందుకే మారుమూల గదిలో మీకు అవతలి వాళ్లు వినపడతారు, వాళ్లకి మీరు వినపడరు. "హలో, హలో, వినపడుతోందా" అని అరిచినా టవర్‌కి మీ అరుపుతో పని లేదు.

మెట్టు 4: ఎస్‌ఐఎన్‌ఆర్, అంటే ఆ గొంతు ఎంత స్పష్టంగా ఉంది

పెద్దమ్మ కథ ఇక్కడే తేలింది. వంటింట్లో ఆర్‌ఎస్‌ఆర్‌పీ −94. చూస్తే బాగానే ఉంది, గీతలు నిండింది కూడా అందుకే. కానీ ఎస్‌ఐఎన్‌ఆర్ −2. అంటే మీకు కావలసిన గొంతు కన్నా చుట్టూ ఉన్న గోల ఎక్కువ. తిరునాళ్లలో మైకు పక్కన నిలబడి మాట్లాడుకున్నట్టు, అవతలి మనిషి దగ్గరే ఉంటాడు కానీ ముక్క అర్థం కాదు.

20 దాటితే బ్రహ్మాండం, 13 దాటితే బాగు. సున్నా నుంచి 13 మధ్య పనిమాత్రం జరుగుతుంది. సున్నా కిందకి పడితే టవర్ ఒక్కో విడతలో చాలా తక్కువ బిట్లు నింపి, తప్పుల దిద్దుబాటుకే చోటంతా ఖర్చు చేస్తుంది. ఆ ఇల్లు పొలాల మధ్య, రెండు టవర్లకి సరిగ్గా మధ్యలో ఉంది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండూ సమానంగా వినపడుతున్నాయి. చదును నేల, అడ్డంగా కొబ్బరిచెట్లు తప్ప ఏమీ లేవు. ఇలాంటి చోట దూరపు టవర్ గొంతు తన హద్దు దాటి పక్క ఊరి మీద పడుతుంది. మేం దాన్ని ఓవర్‌షూటింగ్ అంటాం. యాంటెన్నాని రెండు మూడు డిగ్రీలు కిందకి వంచితే తగ్గుతుంది. ఆ పని ఆపరేటర్‌ది, మీ చేతిలో లేదు.

ఆర్‌ఎస్‌ఆర్‌క్యూ ఇదే కథని ఇంకో వైపు నుంచి చెబుతుంది. దానికో సరదా గుణం ఉంది. పక్క టవర్ల గోల అసలు లేకపోయినా, మీ సెల్‌లో జనం లేనప్పుడు అది −3 దగ్గర ఉంటుంది, సెల్ కిక్కిరిస్తే −11 దగ్గరికి జారుతుంది. తెల్లవారుజామున, రాత్రి తొమ్మిదింటికి ఒకే కుర్చీలో కూర్చుని చూస్తే మీ ఊరంతా ఎప్పుడు ఫోన్లు పట్టుకుంటుందో తెలిసిపోతుంది.

మెట్టు 5: ఏ బ్యాండ్ మీద ఉన్నారు

యాప్ బ్యాండ్ నేరుగా చెప్పకపోతే ఈఏఆర్‌ఎఫ్‌సీఎన్ అనే చానెల్ నంబరు చూడండి. 0 నుంచి 599 అయితే బ్యాండ్ 1, 2100 మెగాహెర్ట్జ్. 1200 నుంచి 1949 బ్యాండ్ 3, 1800. 2400 నుంచి 2649 బ్యాండ్ 5, 850. 3450 నుంచి 3799 బ్యాండ్ 8, 900. 9210 నుంచి 9659 బ్యాండ్ 28, 700. 38650 నుంచి 39649 అయితే బ్యాండ్ 40, 2300. 5జీలో ఎక్కువగా కనిపించేది 3300 పైనున్న ఎన్78, జియోకి 700లో ఎన్28 కూడా ఉంది.

జియో 4జీ 3, 5, 40 మీద నడుస్తుంది. ఎయిర్‌టెల్ 1, 3, 8, 40 వాడుతుంది. బీఎస్‌ఎన్‌ఎల్ తన స్వదేశీ 4జీని 28, 1 మీద పరిచింది. రాష్ట్రం విడిపోయినా స్పెక్ట్రమ్ లైసెన్సుల లెక్కలో తెలంగాణ, ఆంధ్ర ఇంకా ఒకే సర్కిల్ (లైసెన్సు ప్రాంతం) కాబట్టి రెండు చోట్లా కంపెనీకి ఉన్న స్పెక్ట్రమ్ ఒకటే.

బ్యాండ్ నంబరు కాదు, మెగాహెర్ట్జ్ అంకె చూడండి. అది చిన్నదైతే దూరం పోతుంది, గోడ దాటుతుంది, కానీ ఇరుకు. పెద్దదైతే వెడల్పు, కానీ త్వరగా అలసిపోతుంది. అడ్డమేమీ లేని ఖాళీలో కూడా ఒకే దూరంలో 700 కన్నా 3500 దగ్గర 14 డెసిబెల్స్ తక్కువ అందుతుంది, అంటే ఇరవై ఐదో వంతు. గోడల నష్టం దాని పైన. దీన్ని పూడ్చడానికే ఎన్78 టవర్ల మీద పలకల్లాంటి పెద్ద యాంటెన్నాలు పెట్టి, కిరణాన్ని మీ వైపే తిప్పుతారు.

పల్లెల దూరాల సంగతి మన వాళ్లు ప్రపంచ వేదిక దాకా తీసుకెళ్లారు. 5జీ అర్హత పరీక్షలు రాసేటప్పుడు మన దేశం పట్టుబట్టి, టవర్‌కీ టవర్‌కీ 6 కిలోమీటర్ల దూరం ఉండి జనం నెమ్మదిగా కదిలే పల్లె పరిస్థితిని కూడా ఐటీయూ (ఐక్యరాజ్యసమితి టెలికం సంస్థ) పరీక్షల్లో చేర్పించింది. దాన్ని అందుకోవడానికి 5జీఐ అని ఒక ప్రమాణం కూడా తయారైంది, సంగారెడ్డి దగ్గర కంది క్యాంపస్‌లో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌కి అందులో ముఖ్యపాత్ర. తర్వాత అది 3జీపీపీ ప్రమాణాల విడుదల 17లో కలిసిపోయింది. విడిగా ఉంటే ఫోన్ల ధర పెరిగేదని నా అభిప్రాయం, కలవడమే మంచిదైంది.

మెట్టు 6: టవర్ ఏది, ఎంత దూరం

4జీ సెల్ ఐడీని 256తో భాగించండి. భాగఫలం టవర్ నంబరు, శేషం ఆ టవర్ మీది సెల్. 5273623 అని ఉంటే టవర్ 20600, సెల్ 23. గది మారినప్పుడు శేషం మాత్రమే మారితే అదే టవర్‌లో ఇంకో సెల్‌కి మారారు. అది పక్క సెక్టారైనా కావచ్చు, ఇంకో బ్యాండైనా కావచ్చు. భాగఫలం మారితే వేరే టవర్. కుర్చీలోంచి లేవకుండానే అది నిమిషానికోసారి అటూ ఇటూ మారుతుంటే మీరు హద్దు మీద ఉన్నారు. ప్రతి మార్పుకీ కాల్ ఓ క్షణం తడబడుతుంది, బ్యాటరీ కూడా కరుగుతుంది.

కొన్ని ఫోన్లు టైమింగ్ అడ్వాన్స్ అని ఇంకో అంకె ఇస్తాయి. 4జీలో ఒక్కో అంకె 78 మీటర్లు. 20 ఉంటే టవర్ సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల దూరం. దూరం తెలిస్తే డాబా ఎక్కి ఏ వైపుందో కళ్లతోనే వెతకొచ్చు.

మెట్టు 7: ఇంటి పటం గీయండి

చాలామంది ఇది వదిలేస్తారు, అసలు పని ఇదే. కాగితం మీద గదులు గీసి, ప్రతి చోటా ఫోన్ బల్ల మీద పెట్టి నిమిషం ఆగి రాయండి. చేత్తో పట్టుకుంటే చెయ్యే నాలుగైదు డెసిబెల్స్ తినేస్తుంది. పెద్దమ్మ ఇంటికి నేను రాసుకున్నది ఇది:

వంటిల్లు: బ్యాండ్ 5, −94, ఎస్‌ఐఎన్‌ఆర్ −2.
హాలు: బ్యాండ్ 5, −97, 0.
మేడ మీద గది, దక్షిణం కిటికీ: బ్యాండ్ 5, −88, 1.
మేడ మీద గది, ఉత్తరం కిటికీ: బ్యాండ్ 40, −101, 14.

దక్షిణం కిటికీ దగ్గర గొంతు బలంగా ఉంది, గోల కూడా అంతే ఉంది. ఉత్తరం కిటికీ దగ్గర గొంతు తగ్గింది, ఒక గీత పోయింది కూడా. కానీ రెండో టవర్‌ని ఇల్లే అడ్డుకుంది, పైగా వెడల్పైన బ్యాండ్. వీడియో తిరగకుండా నడిచింది అక్కడే. నాలుగు గీతలున్న చోటు వదిలి మూడు గీతలున్న చోటికి రమ్మంటే పెద్దమ్మ నన్ను అనుమానంగా చూసింది.

మెట్టు 8: జబ్బుని బట్టి మందు

ఆర్‌ఎస్‌ఆర్‌పీ తక్కువ, ఎస్‌ఐఎన్‌ఆర్ పర్లేదు: గోడల జబ్బు. ఇంట్లో ఫైబర్ ఉంటే వైఫై కాలింగ్ ఆన్ చేయండి, కాల్స్ గొడవ అక్కడితో తీరుతుంది. ఫైబర్ లేకపోతే సిమ్ వేసే రౌటర్‌ని పటంలో మెరుగైన కిటికీలో పెట్టండి. బయట యాంటెన్నా కడితే కేబుల్ పొట్టిగా ఉండాలి. బజార్లో దొరికే సన్నని ఆర్‌జీ-58 కేబుల్ 2300 మెగాహెర్ట్జ్ దగ్గర పది మీటర్లకి 8 డెసిబెల్స్ పైనే తాగేస్తుంది, మీరు కొన్న యాంటెన్నా లాభమంతా దానికే పోతుంది. రెండు యాంటెన్నాలు, రెండు కేబుళ్లు ఉండాలి. ఒక్కటే కడితే 4జీ రెండు దారుల్లో ఒకటి మూసుకున్నట్టే.

ఆర్‌ఎస్‌ఆర్‌పీ బాగు, ఎస్‌ఐఎన్‌ఆర్ చెత్త: పెద్దమ్మ జబ్బు. ఇక్కడ బలం పెంచితే గోల కూడా పెరుగుతుంది. ఇంటినే అడ్డం పెట్టుకుని ఒక టవర్‌ని దాచే చోటు వెతకండి, లేదా ఒకే వైపు చూసే యాంటెన్నా కట్టండి. రౌటర్ సెట్టింగుల్లో బ్యాండ్ లాక్ (ఒకే బ్యాండ్‌కి కట్టేసేది) ఉంటే వాడండి.

రెండూ బాగు, రాత్రి మాత్రం నెమ్మది: సెల్ కిక్కిరిసింది. మీ ఇంట్లో ఏం మార్చినా లాభం లేదు. అదే చోట ఇంకో కంపెనీ సిమ్ వేసి చూడండి, లేదా పెద్ద డౌన్‌లోడ్లు తెల్లవారుజాముకి పెట్టుకోండి.

5జీ గుర్తు వచ్చి పోతూ, ఫోన్ వేడెక్కుతూ ఉంటే: ఎన్78 అంచున ఉన్నారు. నెట్‌వర్క్ సెట్టింగ్‌లో ఓ రోజు 4జీకి మార్చి చూడండి. అవమానమేమీ కాదు, నేనూ మా ఇంట్లో అదే చేస్తాను.

ఏ జబ్బుకైనా ఒక మందు మాత్రం వద్దు. ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకి "సిగ్నల్ బూస్టర్" అని అమ్మేది కొనకండి. లైసెన్సు లేకుండా ఇలాంటి రిపీటర్ (సిగ్నల్‌ని పెంచి మళ్లీ పంపే డబ్బా) పెట్టడం మన దేశంలో నేరం. అది టవర్ వైపు కూడా గోలని పెంచి పంపుతుంది. ఒకసారి ఓ పట్టణంలో మూడు వీధుల జనానికి సాయంత్రం పూట కాల్స్ తెగిపోతుంటే, రెండు రోజులు వెతికితే చివరికి ఒక షాపు పైకప్పు మీద అలాంటి డబ్బా దొరికింది. పాపం ఆ షాపాయనకి తన కాల్స్ బాగానే వెళ్తున్నాయి.

ఫిర్యాదు చేసేటప్పుడు "సిగ్నల్ లేదు" అనకండి. టవర్ నంబరు, బ్యాండ్, ఆర్‌ఎస్‌ఆర్‌పీ, ఎస్‌ఐఎన్‌ఆర్, సమయం రాసి పంపండి. ఆ వివరాలతో వచ్చిన ఫిర్యాదు మా లాంటి వాళ్ల బల్ల మీదికి నేరుగా వస్తుంది. అవి లేనిది "ఫోన్ రీస్టార్ట్ చేయండి" దగ్గరే ఆగిపోతుంది. కాల్ సెంటర్ తేల్చకపోతే అదే కంపెనీలో అప్పీలు వినే అధికారి ఉంటారు, అక్కడికి వెళ్లండి. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదులు తీసుకోదు.

పెద్దమ్మకి చిన్న 4జీ రౌటర్ కొని, ఉత్తరం కిటికీ గూట్లో పెట్టి, బ్యాండ్ 40కి కట్టేసి, "కదపొద్దు" అని కాగితం అంటించి వచ్చాను. నెలకి పైగా వీడియో కాల్ చక్కగా నడిచింది. పోయిన వారం ఫోన్ చేసి మళ్లీ మొహం పలకలవుతోందంది. రౌటర్ ఎక్కడుందని అడిగితే, గూట్లో ఎండ తగులుతోందని తీసి లోపల ఇనప బీరువా వెనక పెట్టిందట. మళ్లీ గూట్లో పెట్టించి, కిటికీకి పాత చీర తెరలా కట్టమన్నాను. నూలు చీర ఎండని ఆపుతుంది, 2300 మెగాహెర్ట్జ్‌ని ఆపదు.